ఇంట్లో క్లౌన్‌ఫిష్ పిల్లల్ని పెంచడం ఎలా: ముందు మేత, తర్వాతే గుడ్లు

నారింజ రంగు ఒంటి మీద మూడు తెల్ల పట్టీలతో ఉండే క్లౌన్‌ఫిష్‌ని అక్వేరియం షాపుల్లో చాలామంది నీమో అనే పిలుస్తారు. జంట కుదిరితే ఇంట్లో గుడ్లు పెట్టించడం పెద్ద కష్టమేమీ కాదు. నీళ్ళు బాగుండి, కడుపు నిండా తిండి ఉంటే అవే పెడతాయి. అసలు కష్టం ఆ గుడ్లు పగిలిన మర్నాడు పొద్దున మొదలవుతుంది. అప్పుడే పుట్టిన పిల్ల మూడు నాలుగు మిల్లీమీటర్లు ఉంటుంది. పొడి మేత ముట్టదు, ఎదురుగా కదులుతున్నదాన్నే తింటుంది. దాని నోట్లో పట్టేంత చిన్న ప్రాణి రోటిఫర్. అది ఆ పూట మీ దగ్గర లేకపోతే రెండు మూడు రోజుల్లో పిల్లలన్నీ పోతాయి.

గుడ్లు కనిపించాక రోటిఫర్ల కోసం ఫోన్లు చేస్తే అవి వచ్చేసరికి, వచ్చినవి పెరిగేసరికి ఆలస్యమైపోతుంది. కాబట్టి మేత పెంచడం బాగా చేతికి వచ్చాకే గుడ్ల కోసం ఎదురుచూడండి. కింద రాసినదంతా షాపుల్లో ఎక్కువగా దొరికే ఆసెల్లారిస్ రకం గురించి. దానికి దగ్గరి రకమైన పెర్క్యులాకు కూడా దాదాపు ఇదే పద్ధతి.

జంటను కుదర్చడం

సముద్రంలో పట్టి తెచ్చినవి వద్దు, హ్యాచరీలో పుట్టినవి కావాలని అడిగి తీసుకోండి. పట్టి తెచ్చిన చేపలు ప్రయాణంలో నలిగిపోయి ఉంటాయి. బ్రూక్లినెల్లా అనే పరాన్నజీవి తెచ్చే చర్మ వ్యాధి వాటిలో ఎక్కువ, వస్తే రెండు మూడు రోజుల్లోనే ప్రాణం తీస్తుంది. హ్యాచరీ చేప ఇంటికి తెచ్చిన మొదటి రోజు నుంచే గుళికల మేత తింటుంది, మనుషులకు బెదరదు. సముద్రంలోని పగడపు దిబ్బల్లో ఒక చేప మిగులుతుంది కూడా, నాకు అదీ ముఖ్యమే. మన దేశంలో కేంద్రీయ సముద్ర మత్స్య పరిశోధన సంస్థ క్లౌన్‌ఫిష్ పిల్లల ఉత్పత్తి పద్ధతిని ఏనాడో రూపొందించింది. తమిళనాడులోని మండపం కేంద్రంలో ఆ పని బాగా జరిగింది. కాబట్టి హ్యాచరీ చేప అడగడం గొంతెమ్మ కోరికేం కాదు.

ఆడ, మగ ఏది అని షాపులో వెతకక్కర్లేదు. క్లౌన్‌ఫిష్ పిల్లలన్నీ మొదట మగ లక్షణంతోనే ఎదుగుతాయి. గుంపులో పెద్దది, పెత్తనం చేసేది ఆడదిగా మారుతుంది. ఆ ఆడది పోతే దాని జోడీగా ఉన్న మగది ఆడదవుతుంది. పెత్తనానికీ ఈ మార్పుకీ ఉన్న సంబంధాన్ని 1977లో హాన్స్ ఫ్రికే, సిమోన్ ఫ్రికే నేచర్ పత్రికలో వివరించారు. మనకు ఇందులో పనికొచ్చేది ఒక్కటే: ఒకటి పెద్దది, ఒకటి బాగా చిన్నది తీసుకోండి. అయిదు సెంటీమీటర్లది ఒకటి, మూడు సెంటీమీటర్లది ఒకటి అయితే చక్కగా కుదురుతుంది. ఆడదైన చేప మళ్ళీ మగది కాదు కనుక రెండూ పెద్దవి తెస్తే చచ్చేదాకా కొట్టుకుంటాయి.

పెద్దది మీదికి వచ్చినప్పుడు చిన్నది పక్కకు ఒరిగి ఒళ్ళంతా వణికిస్తుంది. జబ్బేమో అని కంగారు పడకండి, అది లొంగిపోయానని చెప్పడం. ఆ వణుకు కనిపించిందంటే జంట కుదురుతున్నట్టే. తోక చిరిగిపోయేలా తరుముతుంటే మాత్రం మధ్యలో చిల్లుల అడ్డం పెట్టి వారం పది రోజులు ఒకదాన్నొకటి చూసుకోనివ్వండి.

చిన్న వయసు జంట గుడ్ల దాకా రావడానికి ఏడాది, ఒక్కోసారి అంతకంటే ఎక్కువే పడుతుంది. రోటిఫర్ల పని నేర్చుకోవడానికి ఆ సమయమంతా మీదే.

తల్లిదండ్రుల ట్యాంకు

75 నుంచి 100 లీటర్ల ట్యాంకు, అందులో ఆ జంట మాత్రమే. వేరే చేపలు ఉంటే గుడ్లు మిగలవు. సముద్రంలో ఇవి ఆశ్రయంగా వాడుకునే అనిమోన్ అనే జీవి అవసరం లేదు. దిబ్బల ముక్కలు అసలే వద్దు, పగడాలకు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షణ ఉంది. సిరామిక్ రింగులు, స్పాంజ్ ఫిల్టర్ చాలు. ఒక చిన్న మట్టి పూలకుండీని పక్కకు పడుకోబెట్టండి, దగ్గర్లో ఒక టైల్ ముక్క నిలబెట్టండి. కుండీ, టైల్ రెండూ చేత్తో బయటికి తీయగలిగేవిగా ఉండాలి. ఇది ఎందుకో గుడ్లు పగిలే రాత్రి తెలుస్తుంది.

ఉప్పు విషయంలో పొదుపు చేయకండి. వంట ఉప్పు, కల్లుప్పు పనికిరావు, అక్వేరియం సాల్ట్ మిక్స్ కావాలి. లీటరుకు సుమారు 35 గ్రాములు కలిపి, ఉప్పు ఎంతుందో చూపే రిఫ్రాక్టోమీటర్‌తో నీటి సాంద్రత 1.023 నుంచి 1.025 మధ్య ఉందో లేదో చూసుకోండి. నీళ్ళు ఆర్‌వో నుంచి తీసుకోండి. బోరు నీళ్ళు, క్లోరిన్ వాసన వచ్చే కుళాయి నీళ్ళు నేరుగా వాడొద్దు. ఇంట్లో తాగే ఆర్‌వో మెషీన్లు రుచి కోసం టీడీఎస్ (నీటిలో కరిగి ఉన్న లవణాలు) కొంత మిగులుస్తాయి, ఒక టీడీఎస్ మీటర్ కొనుక్కుంటే ఎంత మిగులుతోందో మీకే తెలుస్తుంది. సున్నాకి ఎంత దగ్గరైతే అంత మంచిది.

నీటి వేడి 26 నుంచి 28 డిగ్రీలు. మన ఎండాకాలంలో హీటర్ కంటే ఫ్యాన్ అవసరమే ఎక్కువ. నీటి మీదుగా గాలి వీచేలా చిన్న టేబుల్ ఫ్యాన్ పెడితే రెండు మూడు డిగ్రీలు తగ్గుతుంది. అప్పుడు నీళ్ళు త్వరగా ఆవిరవుతాయి, ఉప్పు మాత్రం ట్యాంకులోనే ఉండిపోతుంది. అందుకే తగ్గిన నీటిని మామూలు ఆర్‌వో నీటితో నింపాలి, ఉప్పునీటితో కాదు. ఏప్రిల్, మే నెలల్లో ఈ పని రోజూ చేయాల్సిందే.

తిండి రోజుకు రెండు మూడు సార్లు, కొంచెం కొంచెంగా. గుళికలతో పాటు కడిగి ఫ్రీజర్‌లో పెట్టిన రొయ్యను సన్నగా తరిగి వేయండి. ఆడదాని పొట్ట నిండుగా కనిపిస్తోందంటే మేత సరిపోతోందని అర్థం. లైటు రోజూ ఒకే టైముకు వెలిగి ఒకే టైముకు ఆరాలి, ఒక టైమర్ పెట్టేయండి. గుడ్లు పగిలే గంట ఈ టైముని బట్టే ఉంటుంది.

రోటిఫర్లు

అసలు చదువు ఇదే. కావలసింది ఉప్పునీటి రోటిఫర్లలో పెద్ద రకం, బ్రాకియోనస్ ప్లికాటిలిస్. మిల్లీమీటరులో ఐదో వంతు అటూఇటుగా ఉంటుంది. గాజు గ్లాసులో తీసుకుని వెనక టార్చి పెట్టి చూస్తే తెల్లటి చుక్కలు తడబడుతూ ఈదడం కంటికే కనిపిస్తుంది. మొదటి కల్చర్ (పెంచుకోవడానికి విత్తనంలా తెచ్చుకునే రోటిఫర్లు) కోసం సముద్ర చేపల హ్యాచరీలను, మత్స్య పరిశోధన కేంద్రాలను, ఇలాంటి పిల్లల్ని పెంచుతున్న హాబీవాళ్ళను అడగండి. కేంద్రీయ సముద్ర మత్స్య పరిశోధన సంస్థకు విశాఖపట్నంలోనూ ప్రాంతీయ కేంద్రం ఉంది.

మూత ఉన్న 20 లీటర్ల తెల్ల బకెట్లు రెండు తీసుకోండి. ఒకటి చాలదా అనిపిస్తుంది, చాలదు. రోటిఫర్ కల్చర్ నిన్న నిండుగా ఉండి ఇవాళ ఖాళీ అయిపోగలదు. రెండు బకెట్లూ వేరు వేరు గదుల్లో ఉంచి, వాటి పైపులు, జాలీలు కలవకుండా చూసుకోండి. నీటి సాంద్రత 1.015 నుంచి 1.018 మధ్య, వేడి 25 నుంచి 28 డిగ్రీలు. గాలి పైపుకు ఎయిర్‌స్టోన్ తగిలించకండి, సన్న బుడగలకు రోటిఫర్లు అంటుకుని పైకి తేలిపోతాయి. ఒట్టి పైపు చివరి నుంచి పెద్ద బుడగలు నెమ్మదిగా వస్తే చాలు.

వాటి మేత నానోక్లోరోప్సిస్ అనే ఆల్గే, అంటే కంటికి కనిపించనంత సన్నటి నాచు. సొంతంగా పెంచవచ్చు, కానీ మొదట్లో గాఢంగా చేసి అమ్మే ఆల్గే పేస్ట్ కొని ఫ్రిజ్‌లో పెట్టుకోవడమే తేలిక. బకెట్ నీళ్ళు లేత ఆకుపచ్చగా అయ్యేదాకా వేయండి. రంగు పోయి నీళ్ళు తేటపడితే మళ్ళీ వేయాలి, ఇంకా ముదురుగానే ఉంటే ఆగాలి. ఈస్ట్‌తో కూడా రోటిఫర్లు పెరుగుతాయని చెప్పేవాళ్ళు ఉంటారు. పెరుగుతాయి, కానీ నీళ్ళు త్వరగా కుళ్ళుతాయి, అలా పెరిగిన రోటిఫర్‌లో మీ పిల్లలకు కావలసిన కొవ్వు ఆమ్లాలు ఉండవు. ఆల్గేకే డబ్బు పెట్టండి.

కల్చర్ నిలదొక్కుకున్నాక రోజూ నాలుగో వంతు తీసేయాలి. గుడ్లు ఇంకా లేకపోయినా సరే, తీయకపోతే కిక్కిరిసి ఒక్కసారిగా చచ్చిపోతాయి. 53 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) జాలీలో వడకడితే రోటిఫర్లు పైన నిలుస్తాయి, మురికి నీళ్ళు పోతాయి. బకెట్‌లో తగ్గిన మేరకు కొత్త ఉప్పునీళ్ళు పోయండి. వారం పది రోజులకోసారి బకెట్‌ని పూర్తిగా కడగండి.

ఎన్ని ఉన్నాయో లెక్క చూడటం నేర్చుకోండి. ఒక మిల్లీలీటరు నీళ్ళు సిరంజిలో తీసి వెలుగులో పెట్టి లెక్కపెట్టాలి. మరీ ఎక్కువగా ఉంటే ఆ మిల్లీలీటరుని పది మిల్లీలీటర్లకు పలచన చేసి, అందులో ఒక మిల్లీలీటరు లెక్కపెట్టి పదితో గుణించండి. మిల్లీలీటరుకు 200 దాకా వచ్చి, రోజూ నాలుగో వంతు తీస్తున్నా రెండు వారాల పాటు పడిపోకుండా నిలబడిందంటే మీరు సిద్ధం.

గుడ్లు

ఒక మధ్యాహ్నం జంట కుండీని నోటితో తెగ రుద్దుతుంటుంది. ఆడదాని పొట్ట కింద తెల్లటి చిన్న గొట్టం బయటికి వస్తుంది. ఆ తర్వాత అది కుండీకి పొట్ట ఆనించి మెల్లగా పాకుతూ వరసలుగా గుడ్లు అంటిస్తుంది, మగది వెనకే వస్తూ వాటిని ఫలదీకరణం చేస్తుంది. కొత్త జంట నూరు, నూటయాభై పెట్టవచ్చు. ముదిరిన జంట నాలుగైదు వందలు కూడా పెడుతుంది. మొదటి ఒకటి రెండు కాన్పులు అవే తినేస్తాయి. నిరాశ పడకండి, రెండు వారాలు అటూఇటుగా మళ్ళీ పెడతాయి.

ఆ వారం రోజులూ తండ్రిని గమనించండి. రొమ్ము రెక్కలతో గుడ్ల మీదికి ఆగకుండా నీళ్ళు విసురుతుంది. మధ్యమధ్య నోటితో ఒక్కొక్కటే తడుముతూ, తెల్లబడి చచ్చినవాటిని ఏరి తినేస్తుంది. ఆ చచ్చినవి ఉండిపోతే బూజు పట్టి పక్కవాటికి పాకుతుంది. ఆడది ఎక్కువగా కాపలా కాస్తుంది, ఆ రోజుల్లో ట్యాంకులో చెయ్యి పెడితే కొరుకుతుంది కూడా.

గుడ్లు మొదట ముదురు నారింజ రంగులో ఉంటాయి. నాలుగైదు రోజులకు గోధుమ రంగుకు తిరిగి లోపల నల్లటి కళ్ళు కనిపిస్తాయి. 27, 28 డిగ్రీల్లో ఆరేడు రోజులకు ఆ కళ్ళు వెండిలా మెరుస్తాయి, ఒక్కో గుడ్డులోంచి ఒక జత కళ్ళు మిమ్మల్నే చూస్తున్నట్టుంటుంది. ఆ మెరుపు బాగా తేలిందంటే ఆ రాత్రో, మరుసటి రాత్రో పగులుతాయి. నీళ్ళు చల్లగా ఉంటే తొమ్మిది, పది రోజులు కూడా పట్టవచ్చు.

పగిలే రాత్రి

పిల్లల ట్యాంకు 40 లీటర్లది చాలు, సగమే నింపండి. నాలుగు పక్కలా, అడుగునా నల్ల కాగితం అంటించండి. నల్లటి నేపథ్యంలోనే పిల్లలు మేతని స్పష్టంగా చూడగలవు, గాజులోంచి వచ్చే వెలుగుకు గోడలకు కొట్టుకోకుండా ఉంటాయి. నీళ్ళు తల్లిదండ్రుల ట్యాంకులోవే పోయండి. చిన్న హీటర్, ఒక గాలి పైపు పెట్టండి. ఫిల్టర్ వద్దు, పిల్లల్ని లాగేస్తుంది.

ఆ సాయంత్రం కుండీని నీటిలోనే ఒక గిన్నెలోకి తీసుకుని, గాలి తగలకుండా పిల్లల ట్యాంకులోకి మార్చండి. గుడ్లకు దగ్గరగా కింద ఒక ఎయిర్‌స్టోన్ పెట్టి, బుడగలు గుడ్లను రాసుకుంటూ పైకి పోయేలా సర్దండి. తండ్రి రెక్కలు చేసే పని ఇప్పుడు ఆ బుడగలు చేయాలి. రోజూ ఆరే టైముకే లైటు ఆర్పి గదంతా చీకటి చేయండి. ఫ్రిజ్ తలుపు వెలుగు, ఫోన్ వెలుగు కూడా పడనివ్వకండి. సాధారణంగా ఒకటి రెండు గంటల్లో పగులుతాయి. పగిలాక కుండీని తీసేసి, గాలిని సెకనుకు రెండు మూడు బుడగలకు తగ్గించండి. పగలకపోతే ఎయిర్‌స్టోన్‌ని అలాగే ఉంచి మర్నాటి రాత్రి దాకా ఆగండి.

జంట రాయి మీదో, అద్దం మీదో పెట్టి ఉంటే గుడ్లు బయటికి రావు. అప్పుడు పంపులన్నీ ఆపి, చీకట్లో గుడ్లు పగిలాక ఒక మూల టార్చి వేయండి. పిల్లలు వెలుగు దగ్గర గుమిగూడతాయి, కప్పుతో నీళ్ళతో సహా ముంచి తీయండి. వల ఎప్పుడూ వాడకండి, తగిలిన పిల్ల బతకదు.

మొదటి పది రోజులు

పొద్దున లైటు వేసేముందే రోటిఫర్లు ట్యాంకులో ఉండాలి. లెక్క సులువే. 20 లీటర్ల నీటిలో మిల్లీలీటరుకు పది చొప్పున కావాలంటే రెండు లక్షల రోటిఫర్లు. మీ బకెట్‌లో మిల్లీలీటరుకు 200 ఉంటే ఒక లీటరు వడకడితే సరిపోయింది. నీళ్ళకు లేత ఆకుపచ్చ రంగు వచ్చేలా ఆల్గే కూడా కలపండి. ట్యాంకులో రోటిఫర్లు ఆకలితో ఉంటే వాటిని తిన్న పిల్లకు బలం రాదు, ఆల్గే ఉంటే అవి కడుపు నిండా ఉంటాయి. వెలుగు కూడా మెత్తబడుతుంది. మొదటి రోజు లైటు మసకగా ఉంచి, రెండు మూడు రోజుల్లో పెంచండి. 14 నుంచి 16 గంటలు వెలుగు, మిగతా టైము చీకటి.

మేత అందుతోందా లేదా చూడటానికి పిల్లకు దగ్గరగా కళ్ళు పెట్టండి. రోటిఫర్ ఎదురుపడగానే పిల్ల ఒళ్ళు వంకీ తిప్పి, ఒక్క క్షణం ఆగి, బాణంలా ముందుకు దూకుతుంది. కాసేపటికే దాని పారదర్శకమైన పొట్ట గుండ్రంగా నిండి కనిపిస్తుంది. మధ్యాహ్నానికి కూడా పొట్టలు ఖాళీగా ఉంటే రోటిఫర్ల సంఖ్యో, వెలుగో సరిపోవడం లేదు. రోజుకు రెండు మూడు సార్లు ఒక మిల్లీలీటరు తీసి లెక్క చూసి, ఐదు కంటే తగ్గనివ్వకండి.

ఈ రోజుల్లో మేత అందకపోవడం తర్వాత పిల్లల్ని ఎక్కువగా చంపేది మురికి నుంచి నీళ్ళలో చేరే అమ్మోనియా. రోజూ టెస్ట్ కిట్‌తో చూడండి. రంగు కొంచెం మారినా నీళ్ళు మార్చాలి. గాలి పైపు లాంటి సన్నటి గొట్టంతో అడుగున పేరిన మురికిని సైఫన్ చేయండి. నీళ్ళు తెల్ల గిన్నెలోకి పడేలా పెట్టుకుంటే పొరపాటున వచ్చిన పిల్లలు కనిపిస్తాయి, చెంచాతో తిరిగి వదలవచ్చు. రోజుకు ఐదో వంతు తీసి, తల్లిదండ్రుల ట్యాంకు నీటినే చుక్కలు చుక్కలుగా పోయండి. గుభాలున పోయకండి.

కరెంటు పోతే గాలి ఆగిపోతుంది. బ్యాటరీతో నడిచే ఎయిర్ పంపు ఒకటి ముందే కొని పెట్టుకోండి. తల్లిదండ్రుల ట్యాంకుకైతే కొంత టైము ఉంటుంది, రోటిఫర్ బకెట్‌కి, పిల్లలకి అంత ఉండదు.

ఆర్టీమియాకి మార్చడం

ఆర్టీమియా అంటే ఉప్పునీటిలో పెరిగే చిన్న రొయ్యలాంటి ప్రాణి, మన కోస్తాలో రొయ్యల హ్యాచరీలవాళ్ళకు నిత్యం చేతిలో ఉండే వస్తువు. భీమవరం, నెల్లూరు, కాకినాడ వైపు ఆక్వా షాపుల్లో దాని గుడ్ల డబ్బా అడిగితే తెలియనివాళ్ళు ఉండరు. లీటరు నీటికి 25 గ్రాముల ఉప్పు, ఒక గ్రాము ఆర్టీమియా గుడ్లు, 28 డిగ్రీల వేడి, బలంగా గాలి, పైన లైటు ఉంటే 18 నుంచి 24 గంటల్లో నాప్లీలు, అంటే ఆర్టీమియా పిల్లలు, వస్తాయి. గాలి ఆపి పది నిమిషాలు ఆగితే పెంకులు పైకి తేలతాయి, నారింజ రంగు నాప్లీలు అడుగుకి దిగుతాయి. అడుగు నుంచి తీసి మంచి ఉప్పునీటితో కడిగి వేయండి. పెంకులు పిల్లల పొట్టలోకి పోతే అడ్డుపడతాయి.

ఏడెనిమిదో రోజుకు పెద్ద పిల్లలు వీటిని తినగలుగుతాయి. తిన్న పిల్లకు పొట్ట నారింజ రంగులో కనిపిస్తుంది. ఒక్కసారిగా మార్చకండి, రెండు మూడు రోజులు రోటిఫర్లు, నాప్లీలు కలిపి వేయండి. చిన్నవి వెనకబడి ఉంటాయి, రోటిఫర్లు ఆపితే ముందు పోయేవి అవే. నాప్లీలను అప్పుడే పుట్టినవే వాడండి. ఆలస్యమైతే వాటి ఒంట్లోని నిల్వ కొవ్వు కరిగిపోయి ఒట్టి పొట్ట నింపేవిగా మిగులుతాయి.

ఎనిమిది నుంచి పద్నాలుగు రోజుల మధ్య పిల్లలు రూపం మారుస్తాయి. ఒళ్ళు ముదురు రంగుకు తిరుగుతుంది, తల మీద మొదటి తెల్ల పట్టీ వస్తుంది, పైన తేలుతూ ఈదడం మాని అడుగుకి, గోడల దగ్గరికి చేరతాయి. అప్పటిదాకా బాగున్న పిల్లలు కూడా ఈ మార్పులో కొన్ని పోతాయి. మొదటి వారంలో తిండి ఎంత బాగా అందిందో ఇక్కడే తేలుతుంది. సగం పట్టీలు, విరిగిన పట్టీలు రావడానికి కూడా ఒక కారణం ఆ రోజుల్లో అందని పోషణే.

రెండో వారం చివరి నుంచి 200, 300 మైక్రాన్ల పొడి మేత చిటికెడు చిటికెడుగా రోజుకు నాలుగైదు సార్లు వేసి అలవాటు చేయండి. తల్లిదండ్రుల ట్యాంకులో ముందే ఉంచి బ్యాక్టీరియా పట్టిన స్పాంజ్ ఫిల్టర్‌ని ఇప్పుడు ఇక్కడికి తెచ్చి నెమ్మదిగా నడపండి.

నెల దాటాక

నెల పిల్లల్ని 75, 100 లీటర్ల ట్యాంకులోకి మార్చి, వారానికి పావు వంతు నీళ్ళు మార్చండి. కలిపి గుంపుగానే ఉంచండి. ఐదారింటిని వేరు చేసి పెడితే ఒకటి పెత్తనానికి దిగి మిగతావాటి తోకలు కొరుకుతుంది, గుంపులో ఆ కోపం చెదిరిపోతుంది. మరీ పెద్దవాటిని మాత్రం వేరే ట్యాంకుకి తీసేస్తే చిన్నవి తేరుకుంటాయి.

మూడు నాలుగు నెలలకు రెండున్నర సెంటీమీటర్లు దాటాక ఇంకొకరికి ఇవ్వవచ్చు. ఈలోపు పాత జంట మళ్ళీ మళ్ళీ గుడ్లు పెడుతూనే ఉంటుంది, అన్నిటినీ పెంచాలని పెట్టుకోకండి. ఖాళీ ట్యాంకు, నిండు రోటిఫర్ బకెట్ రెండూ ఉన్నప్పుడే తర్వాతి కాన్పుని తీసుకోండి. చేపలు ఇచ్చేటప్పుడు మీ ట్యాంకు సాంద్రత ఎంతో కాగితం మీద రాసి, అవి తింటున్న మేత ఒక చిన్న పొట్లం కట్టి ఇవ్వండి. తీసుకున్నవాళ్ళు మొదటి వారం అదే మేత వేసి, ఆ తర్వాత మెల్లగా తమ మేతకు మార్చుకోవచ్చు.